హవాయి క్రూజ్ దిగాక ఓహూలో ఎక్కడ ఉండాలి: వైకీకీ కాండోలో ఉన్నాక నా రివ్యూ

ఎచ్1బి వీసా మీద ఉండి, దేశం దాటితే తిరిగి రావడానికి కావాల్సిన స్టాంపింగ్ గోల లేకుండా క్రూజ్ ఎక్కాలంటే మనవాళ్లందరూ చివరికి వచ్చి ఆగేది ప్రైడ్ ఆఫ్ అమెరికా దగ్గరే. అమెరికా జెండాతో తిరిగే పెద్ద ఓషన్ క్రూజ్ షిప్ అదొక్కటే, హొనలులులో ఎక్కితే మావీ, హీలో, కోనా, కవాయి తిప్పి మళ్లీ హొనలులులోనే దింపుతుంది, దేశం దాటే పనే లేదు. షిప్ గురించి బోలెడు రివ్యూలున్నాయి కాబట్టి నేను దాని జోలికి పోను. శనివారం పొద్దున్నే సూట్‌కేసులతో సహా రేవులో దింపేస్తారు కదా, ఆ తర్వాత హొనలులు ఉన్న ఓహూ దీవిలోనే కొన్నాళ్లు ఉండాలనుకుంటే ఎక్కడ దిగాలి అన్నదే నా గోల, ఎందుకంటే బుక్ చేసేటప్పుడు నేను ఎంత వెతికినా పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న తెలుగు ఫ్యామిలీకి పనికొచ్చేలా ఎవరూ రాయలేదు.

మేం వెళ్లింది మా ఆయన, నేను, నాలుగేళ్ల బుడ్డోడు, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు. ముందు లిస్టులో మూడు పెట్టుకున్నాం, దీవికి పడమటి వైపు కో ఓలీనా, ఉత్తరాన నార్త్ షోర్, హొనలులులోనే ఉన్న వైకీకీ. ఫ్రెండ్స్ అందరూ కో ఓలీనానే అన్నారు, డిస్నీవాళ్ల అవులానీ రిసార్ట్ అక్కడే ఉంది, పిల్లాడికి మిక్కీ కనిపిస్తాడు, అలలు లేని నాలుగు లగూన్లు (సముద్రపు మడుగులు) ఉన్నాయి అని. నిజమే, ఒకరోజు వెళ్లి చూశాం, చాలా బాగుంది. మనిషి తవ్వి చేసిన లగూన్లవి, ముందర రాళ్లు అడ్డం పెట్టారు కాబట్టి నీళ్లు చెరువులో ఉన్నట్టే ఉంటాయి, రెండేళ్ల పిల్లల్ని కూడా ధైర్యంగా దింపొచ్చు. కానీ అవులానీ, పక్కనే ఫోర్ సీజన్స్, వీటి రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి, సీజన్‌లో రాత్రికి ఆరువందల డాలర్ల పైమాటే. పైగా రేవు నుంచి పాతిక మైళ్ల దాకా దూరం, సాయంత్రం ఎచ్-1 హైవే మీద ఆ వైపు ట్రాఫిక్ మన మియాపూర్ రూట్‌ని గుర్తుచేస్తుంది. అక్కడ దిగితే కారు తప్పనిసరి, భోజనానికి రిసార్ట్ రెస్టారెంటో, పక్క ఊరు కపోలే వెళ్లడమో.

అసలు సంగతి ఏంటంటే క్రూజ్‌లో వారం రోజులు మనం ఉన్నదే రిసార్ట్ కదా! పొద్దున లేస్తే బఫే, మధ్యాహ్నం పూల్, రాత్రి షో. మళ్లీ దిగీ దిగగానే ఇంకో రిసార్ట్‌కి వెళ్లి అదే పూల్ పక్కన అదే కుర్చీలో పడుకోవడానికి రాత్రికి అంత డబ్బు ఎందుకు పోయాలో నాకైతే అర్థం కాలేదు. అప్పటికి మాకు కావాల్సింది ఒక స్టవ్, ఒక వాషింగ్ మెషీన్, బయటకి నడిచి వెళ్లగలిగే రోడ్డు. షిప్‌లో రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె లాంటి వేడెక్కే సామాన్లేవీ ఎక్కించనివ్వరు కాబట్టి అత్తయ్యగారు వారం రోజులు ఆవకాయ పాకెట్లతోనే నెట్టుకొచ్చారు పాపం.

నార్త్ షోర్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వైకీకీ నుంచి గంటపైనే డ్రైవ్, ఉండటానికి పెద్ద హోటల్ అంటే టర్టిల్ బే ఒక్కటే, అది 2024 నుంచి రిట్జ్ కార్ల్‌టన్ అయింది కాబట్టి రేటు గురించి చెప్పక్కర్లేదు. చలికాలంలో వైమేయా, పైప్‌లైన్ బీచ్‌ల దగ్గర అలలు మేడంత ఎత్తు లేస్తాయి, ఒడ్డున నిలబడి చూడ్డానికే తప్ప దిగడానికి కాదు. కొత్త జంటలకి బాగుంటుంది, ముసలివాళ్లతో వద్దు. తూర్పు ఒడ్డున కైలువా, లానికాయ్ వైపు ఎయిర్‌బిఎన్‌బి చవగ్గా కనబడితే మాత్రం ఒక్క నిమిషం ఆగండి, ఓహూలో రిసార్ట్ జోన్లు దాటితే 30 రోజులకన్నా తక్కువకి ఇళ్లు అద్దెకివ్వడం కొద్దిమంది పాత పర్మిట్లవాళ్లకి తప్ప చట్టప్రకారం కుదరదు. లిస్టింగ్‌లో పన్ను నంబరు, పర్మిట్ నంబరు లేకపోతే దాని మొహం కూడా చూడొద్దు, టికెట్లు కొనుక్కున్నాక ఓనరు క్యాన్సిల్ చేస్తే రోడ్డున పడేది మనమే.

చివరికి వైకీకీలో కుహియో బీచ్‌కి ఒక బ్లాక్ లోపలికి ఉన్న కాండో టవర్లో, అంటే ఓనర్లు అద్దెకిచ్చే ఫ్లాట్ల బిల్డింగ్‌లో, వన్ బెడ్రూమ్ తీసుకున్నాం. బిల్డింగ్ పేరు కావాలనే చెప్పట్లేదు, వైకీకీ బన్యన్, ఇలికాయ్ లాంటి వాటిలో ఒక్కో యూనిట్‌కి ఒక్కో ఓనరు ఉంటాడు, ఒకటి కొత్తగా చేయించి ఉంటుంది, పక్కదే ఎప్పటిదో కార్పెట్‌తో కంపు కొడుతుంది. బిల్డింగ్ పేరు చూసి కాకుండా ఆ యూనిట్ ఫోటోలు, ఆ యూనిట్ రివ్యూలు, అవీ ఈమధ్య ఏడాదిలోవి చదివి బుక్ చేసుకోవాలి.

మా యూనిట్ ఎలా ఉందంటే హాల్లో సోఫా లాగితే మంచం అవుతుంది, బెడ్రూమ్ అత్తయ్యగారివాళ్లకి ఇచ్చేశాం. వంటగదిలో నాలుగు పొయ్యిల కాయిల్ స్టవ్, ఫుల్ సైజు ఫ్రిజ్, మైక్రోవేవ్. గిన్నెలైతే ఉన్నాయి కానీ మూతలు లేవు, ఉన్న ఒక్క కత్తికీ టమాటా కూడా తెగలేదు, పప్పు గిన్నె మీద పళ్లెం బోర్లించి ఉడికించాం. కాయిల్ స్టవ్ వేడెక్కడానికి ఒక పూట, చల్లారడానికి ఇంకో పూట, పాలు రెండుసార్లు పొంగాయి. ఏసీ హాల్లోనే బాగా పనిచేసింది, బెడ్రూమ్‌లో అంతంతమాత్రం. లిఫ్టులు పొద్దున తొమ్మిదింటికి బీచ్ కుర్చీలు, సర్ఫ్ బోర్డులు మోసుకెళ్లేవాళ్లతో నిండిపోయి మూడో సారికి గానీ మనకి చోటు దొరకదు. తెల్లారుజామున చెత్త లారీల మోత కూడా ఉంది, కుహియో ఎవెన్యూ వైపు కింది అంతస్తులు తీసుకోకండి. వాషింగ్ మెషీన్లు బిల్డింగ్‌లోనే ఉన్నాయి, డబ్బులేసి వాడుకోవాలి, వారం బట్టలు దిగిన రోజే ఉతికేశాం.

ఇన్ని వంకలు పెట్టాక కూడా ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను! ఎందుకంటే గుమ్మం దిగి నాలుగు నిమిషాలు నడిస్తే కుహియో బీచ్, అక్కడ సముద్రంలోకి కట్టిన గోడ ఉంది కదా, దాని లోపలివైపు నీళ్లు నడుము లోతే, అలలు గోడ దగ్గరే ఆగిపోతాయి. బుడ్డోడు రోజూ అక్కడే. కో ఓలీనా లగూన్ అంత తేటగా ఉండవు, అడుగున కొంచెం నాచు ఉంటుంది, గోడ మీద నడిస్తే జారుతుంది జాగ్రత్త, కానీ ఫ్రీ, కారు అక్కర్లేదు. సాయంత్రం మామయ్యగారు ఒక్కరే ఎవరి తోడూ లేకుండా నడుచుకుంటూ సర్ఫింగ్ దిగ్గజం డ్యూక్ కహనమోకు విగ్రహం దాకా, అక్కణ్ణుంచి మోఅనా సర్ఫ్‌రైడర్ దాకా వెళ్లొచ్చేవారు. 1901లో కట్టిన హోటల్ అది, దాని పెరట్లో 1904లో నాటిన పెద్ద మర్రిచెట్టు ఉంది, మన దేశపు మర్రే. ఆ చెట్టు కింద కూర్చుని గోరింకల్ని చూసి మామయ్యగారికి ఊరు గుర్తొచ్చిందట, అవి కూడా 1860ల్లో మన వైపు నుంచి తెచ్చి వదిలినవే, చెరుకు తోటల్లో పురుగుల్ని తింటాయని. అమెరికాలో పిల్లలు ఆఫీసుకెళ్తే ఇంట్లో బందీలైపోయే పెద్దవాళ్లకి ఇలా సొంతంగా నడిచి తిరిగే చోటు దొరకడం ఎంత పెద్ద విషయమో తల్లిదండ్రుల్ని పిలిపించుకున్నవాళ్లకి తెలుస్తుంది.

ఇంకోటి, సముద్రం వ్యూ కోసం ఎక్స్‌ట్రా పోయకండి. నేను ఓషన్ వ్యూనా, పార్షియల్ ఓషన్ వ్యూనా అని ఫోన్ పట్టుకుని కొట్టుకుంటుంటే అత్తయ్యగారే తేల్చేశారు, "వారం రోజులు కిటికీ తీస్తే సముద్రమే కదమ్మా, ఇంకా ఎందుకు, ఆ డబ్బులు పెట్టి నాలుగు మామిడిపళ్లు కొను" అని. మౌంటెన్ వ్యూ తీసుకున్నాం, రాత్రికి 230 డాలర్లు, అదే బిల్డింగ్‌లో సముద్రం వైపు అయితే ఇంకో అరవై. పొద్దున కోఓలావ్ కొండల మీద మబ్బులు దిగుతాయి, మానోవా లోయ వైపు చిన్న జల్లు పడి ఇంద్రధనస్సు వస్తుంది, రాత్రి కొండల మీద ఇళ్ల లైట్లు. పార్షియల్ ఓషన్ వ్యూ అంటే చాలా చోట్ల రెండు బిల్డింగుల మధ్య నీలంరంగు గీత, బాల్కనీలో మెడ చాపితే కనిపిస్తుంది.

డబ్బుల దగ్గర మోసపోకుండా చూసుకోవాల్సినవి ఉన్నాయి. 230 అన్నాను కదా, దానిమీద పన్నులు 18 శాతం దాటతాయి, 2026 జనవరి నుంచి రాష్ట్రం గది పన్నుని 10.25 నుంచి 11 శాతానికి పెంచింది, పైన కౌంటీది 3 శాతం, ఆ పైన అమ్మకం పన్ను. కాండోలైతే క్లీనింగ్ ఫీజు ఒకేసారి 150-200 పడుతుంది కాబట్టి ఒక్క రాత్రికైతే అస్సలు గిట్టదు. హోటళ్లలో ఆ క్లీనింగ్ బదులు రోజుకి నలభై యాభై డాలర్లు రిసార్ట్ ఫీజు అని వేస్తారు, మీరు వాళ్ల పూల్లో కాలు పెట్టకపోయినా సరే. మా కొలీగ్ ఒకరు వేరే హోటల్లో గదికన్నా ఈ ఫీజు, పార్కింగ్, టాక్స్ కలిపే ఎక్కువైందని లబోదిబోమన్నాడు. పార్కింగ్ రాత్రికి యాభై పైనే చాలా చోట్ల. అందుకే మేం కారు ఒక్కరోజుకే తీసుకున్నాం, ఐలాండ్ చుట్టూ తిరిగి ఇవిలేయ్ కాస్ట్‌కోలో పెట్రోలు పోయించి, బియ్యం, పెరుగు కొనుక్కుని రాత్రికి ఇచ్చేశాం. కొత్త స్కైలైన్ రైలు 2025 అక్టోబర్ నుంచి ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చింది గానీ వైకీకీకి రాదు, దాన్ని నమ్ముకోకండి.

దిగే రోజు ప్లాన్ ముఖ్యం. షిప్ పొద్దున్నే ఖాళీ చేయిస్తుంది, గది మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. కాండోలో ఇదొక తలనొప్పి, సొంత ఓనరు దగ్గర తీసుకుంటే సూట్‌కేసులు పెట్టుకోవడానికి ఫ్రంట్ డెస్క్ ఉండకపోవచ్చు, ముందే మెసేజ్ పెట్టి అడగండి. మా బిల్డింగ్‌లో బెల్ డెస్క్‌వాళ్లు బ్యాగుకి కొన్ని డాలర్లు తీసుకుని పెట్టుకున్నారు. రేవు నుంచి వైకీకీ నాలుగు మైళ్లే, ఊబర్ చాలు. బ్యాగులు పడేసి నేరుగా కేసీసీ (కపియోలానీ కమ్యూనిటీ కాలేజ్) ఫార్మర్స్ మార్కెట్‌కి వెళ్లండి, డైమండ్ హెడ్ కొండ పక్కన ఆ కాలేజీ పార్కింగ్ లాట్‌లో శనివారమే పెడతారు, ఏడున్నర నుంచి పదకొండు దాకా. షిప్ కూడా శనివారమే దింపుతుంది కాబట్టి అచ్చు మనకోసం పెట్టినట్టే ఉంటుంది. అత్తయ్యగారు అక్కడ చేమదుంపలు చూసి ఎగిరి గంతేశారు, హవాయి మూలవాసులకి సంప్రదాయంగా అదే ప్రధాన ఆహారమట, ఉడకబెట్టి మెత్తగా దంచి పొయ్ అని తింటారు. పొయ్ మాకెవరికీ ఎక్కలేదు, చేమదుంప వేపుడు మాత్రం ఆ కాయిల్ స్టవ్ మీదే అద్భుతంగా వచ్చింది. వెజిటేరియన్లు బయట తినేటప్పుడు ముసుబి అంటే అన్నం ముద్దే కదా అని తీసుకోకండి, పైన పెట్టేది స్పామ్, అంటే పంది మాంసం. ఉడాన్ (జపాన్ నూడుల్స్) షాపుల్లో కూరగాయల గిన్నె అన్నా రసం చేపలతో కాస్తారు. కింగ్ స్ట్రీట్‌లో డౌన్ టు ఎర్త్ అని పూర్తి వెజిటేరియన్ సరుకుల షాపు ఉంది, కందిపప్పు దొరక్కపోయినా ఎర్ర పప్పు దొరికింది.

నీళ్లలో చేపల్ని చూసే స్నార్కెలింగ్‌కి పేరున్న హనౌమా బే వెళ్లే ఆలోచన ఉంటే షిప్‌లో ఉండగానే బుక్ చేయాలి. రెండు రోజుల ముందు హవాయి టైమ్ పొద్దున ఏడింటికి స్లాట్లు వదులుతారు, నిమిషాల్లో అయిపోతాయి, సోమ మంగళవారాలు మూసేస్తారు, మనిషికి 25 డాలర్లు. అంటే ఆదివారం వెళ్లాలంటే శుక్రవారం పొద్దున ఏడింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి, అప్పుడు షిప్ కవాయిలో నవీలివీలి రేవులోనే ఉంటుంది కాబట్టి సిగ్నల్ బాగానే వస్తుంది. మా ఆయన డెక్ మీద కాఫీ కప్పుతో నిలబడి నాలుగు పెద్దల టికెట్లు కొట్టేశాడు, బుడ్డోడికి ఫ్రీ. డైమండ్ హెడ్‌కి కూడా బయటివాళ్లు రిజర్వేషన్ చేసుకోవాల్సిందే, అది అంత పోటీ ఉండదు.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగులు చెకిన్ చేసేముందు వ్యవసాయ శాఖవాళ్ల స్కానింగ్ ఉంటుంది, మామిడిపళ్లు మెయిన్‌ల్యాండ్‌కి తీసుకెళ్లనివ్వరు. మిగిలినవి ముందురోజు రాత్రే తినేయండి, మేం అదే చేశాం, పెరుగన్నంలో.