సఫ్రాన్‌బోలులో అసలు ఇల్లు, ఒదున్‌పజారిలో చెక్క తొడిగిన సిమెంటు

టర్కీ అనగానే మనవాళ్లు ఇస్తాంబుల్, కప్పడోకియా చూసి వచ్చేస్తారు. మేము ఈసారి వాటి జోలికి పోలేదు. అక్కడి చిన్న ఊళ్లు తమ పాత ఇళ్లను ఎలా కాపాడుకుంటున్నాయో చూడాలని అంకారాలో దిగి అటునుంచి అటే బయల్దేరాం. నేను, మావారు, మా అమ్మ. ఒక ఊళ్లో బసకు డబ్బు పోసి మోసపోయాం. ఇంకో ఊళ్లో ఇచ్చిన డబ్బుకు రెట్టింపు దక్కింది. ఈ రెండూ చెప్పాలనే రాస్తున్నాను. మేము వెళ్లినప్పుడు లీరా సుమారు 2 రూపాయల 10 పైసలు. అక్కడ రేట్లు నెలనెలా పెరుగుతున్నాయి కాబట్టి నా లెక్కలు ఒక అంచనాకి మాత్రమే పెట్టుకోండి.

అంకారా నుంచి ఎస్కిషెహిర్‌కి హైస్పీడ్ రైల్లో గంటన్నర. టైముకి కదిలింది, టైముకి దిగాం.

ఊరు చాలా బాగుంది, అది ముందే చెప్పాలి. మధ్యలో పారే పోర్సుక్ నది ఒకప్పుడు కంపు కొట్టే కాలువ. అనదోలు యూనివర్సిటీకి రెక్టార్‌గా చేసిన యిల్మాజ్ బ్యుకెర్షెన్ 1999లో మేయరై 2024 దాకా ఉన్నారు. ఆయన హయాంలోనే నదిని శుభ్రం చేసి, గట్ల వెంట నడవడానికి దారులు వేశారు. 2004లో ట్రామ్ వచ్చింది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఎక్కడా ఇబ్బంది పడకుండా ట్రామ్ ఎక్కి దిగింది. నది ఒడ్డున బెంచీ మీద చీజ్ పెట్టి నూనెలో వేయించిన చిబోరెక్ అనే పిండివంట తింటూ సాయంత్రమంతా కూర్చుంది. మామూలుగా దీంట్లో మాంసం ఉంటుంది, శాకాహారులు 'ఎత్‌సిజ్' అని అడగాలి, మాంసం లేకుండా అని.

ఒదున్‌పజారి అక్కడి పాత పేట. దాని అంచునే 2019లో తెరిచిన మోడర్న్ ఆర్ట్ మ్యూజియం ఉంది, జపాన్ ఆర్కిటెక్ట్ కెంగో కుమా సంస్థ డిజైన్ చేసింది. చెక్క దూలాలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చినట్టుండే గదులు. పాత ఇళ్ల పక్కన ఇంత కొత్త కట్టడం ఏమిటని మావారు మొదట పెదవి విరిచారు. నాకు మాత్రం ఎంతో నచ్చింది. కొత్తదాన్ని కొత్తదిగానే కట్టారు, పాత ఇల్లని నమ్మించే ప్రయత్నం లేదు. పైగా ఎత్తు తగ్గించి, ముక్కలుగా విడగొట్టి, పక్క ఇళ్లను మింగేయకుండా కట్టారు.

మేము దిగిన బసలో లేనిది ఆ నిజాయితీయే. పేరు రాయను. బుకింగ్ పేజీలో '200 ఏళ్ల నాటి ఒట్టోమన్ కొనాక్' అని ఉంది, కొనాక్ అంటే పాతకాలపు పెద్ద ఇల్లు. ముగ్గురికి ఒక గది, రాత్రికి 3,400 లీరాలు, అంటే ఏడు వేల పైచిలుకు. అదే పేటలో మామూలు హోటల్ 2,100కే దొరుకుతోంది, పాత ఇంట్లో ఉండాలన్న కోరికతోనే ఎక్కువ పెట్టాం. బయటి నుంచి చూస్తే ముచ్చటగానే ఉంది. ముందుకు పొడుచుకొచ్చిన పై అంతస్తు, నిలువు కిటికీలు, కొత్తగా వేసిన పసుపు రంగు. లోపలికెళ్లాక అమ్మ గోడ మీద వేళ్లతో కొట్టి చూసి, "అల్లుడుగారూ, ఇది సిమెంటు కదండీ" అంది. మావారు కుర్చీ ఎక్కి పైకప్పు దూలాన్ని తట్టారు. బోలు మోత. లోపల కాంక్రీటు బీమ్, పైన పలకల పెట్టె. మంచం వెనకాల ఒక మూల పెచ్చు ఊడి బూడిద రంగు బయటపడింది. ఒక కిటికీకి రెక్కలున్నాయి గానీ తీస్తే గోడే, బయటి వరసలో అందం చెడకూడదని పెట్టినట్టుంది.

కింద రిసెప్షన్‌లో ఉన్నతన్ని అడిగితే, పాత ఇల్లు పడగొట్టి అదే కొలతలతో మళ్లీ కట్టామని, దీన్నీ రెస్టోరేషనే అంటారని చెప్పాడు. మరి 200 ఏళ్లని ఎందుకు రాశారంటే, "స్థలం వయసు అది" అన్నాడు. తగ్గించమంటే కుదరదన్నాడు. ఆ రాత్రి మావారికి అన్నం సయించలేదు. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు వచ్చాయి, మనుషులూ మర్యాదస్తులే. కానీ మేము డబ్బిచ్చింది వేడినీళ్లకు కాదు.

ఇది ఆ ఒక్క బస సంగతి కాదు. వారసత్వ కట్టడాల రక్షణకు టర్కీలో 1983 నుంచి 2863 నంబరు చట్టం ఉంది. అయినా పాత ఇల్లు కూల్చి, కాంక్రీటుతో లేపి, ముఖానికి చెక్క తొడగడం చాలా ఊళ్లలో కనిపిస్తుంది, అక్కడి ఆర్కిటెక్టులే దీని మీద ఏళ్ల తరబడి గొడవపడుతున్నారు. వీధి ఫొటోకి బాగుంటుంది. ఇల్లు మాత్రం పోతుంది.

మళ్లీ అంకారా వచ్చి, అక్కడి నుంచి సఫ్రాన్‌బోలుకి బస్సు పట్టుకున్నాం. మనిషికి 450 లీరాలు, మూడు గంటల పైమాటే. బస్సులు పైన కిరాన్‌కొయ్‌లో ఆపుతాయి, కింద లోయలో ఉన్న పాత బజారు పేట చార్షికి దోల్ముష్ అనే షేర్ వ్యాన్ ఎక్కాలి. పెద్ద సామాను తేకండి. దారులన్నీ ఎగుడుదిగుడు రాళ్లే, చక్రాల పెట్టె అడుగు వెయ్యదు. అమ్మ మొదటి గంటంతా నా మీద విసుక్కుంది.

బసలోకి వెళ్లగానే ఆ విసుగంతా పోయింది. రాత్రికి 2,900 లీరాలు, టిఫిన్‌తో కలిపి. నేల ఒకవైపు కొంచెం వాలింది, నడిస్తే పలకలు కిర్రుమంటాయి. గదులన్నీ మధ్యనున్న 'సోఫా' అనే హాల్లోకి తెరుచుకుంటాయి. మా తాతగారి మండువా ఇల్లులా ఉందని అమ్మ అక్కడే గోడ వెంబడి ఉన్న దివాన్ మీద కాళ్లు చాపుకుంది. కాసేపటికి చీర తగిలించుకుందామని గోడ అల్మరా తలుపు తీస్తే లోపల షవర్! ఇక్కడి ఇళ్లలో పూర్వం నుంచీ చాలా గదులకు అల్మరాలోనే స్నానానికి చిన్న చోటు ఉండేది, గుసుల్‌హానే అంటారు. ఇప్పుడు అందులోనే పైపులు అమర్చారు, గది గోడలు పగలగొట్టలేదు. గడప మాత్రం మోకాలెత్తు, లోపల మనిషి తిరగడానికి చోటుండదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోండి. అమ్మకి రోజూ నేను చెయ్యి అందించాల్సి వచ్చింది.

మా వీధి చివర ఒక ఇంటికి మరమ్మతు జరుగుతోంది. పూత రాలగొట్టిన గోడలో నిలువు కలప స్తంభాలు, వాటికి ఏటవాలు ఆసరాలు, మధ్యలో పచ్చి ఇటుకలు. దీన్నే 'హిమిష్' అంటారు. మేస్త్రీ గడ్డి కలిపిన మట్టిని అరచేత్తో నొక్కి ఖాళీలు పూడుస్తున్నాడు. పుచ్చిపోయిన స్తంభాన్ని మొత్తం తీసెయ్యకుండా కింది మూర మేర మాత్రం కోసి కొత్త కలప అతికించాడు. అది చూపించాలని మమ్మల్ని లోపలికి రమ్మని సైగ చేశాడు. భాష రాకపోయినా మావారు అక్కడ అరగంట నిలబడ్డారు. ఎస్కిషెహిర్‌లో పాడైన ఆయన మూడ్ అక్కడే కుదుటపడింది.

ఇవన్నీ ఇక్కడ ఎలా మిగిలాయంటే, దగ్గర్లోని కారాబుక్‌లో 1937లో ఉక్కు ఫ్యాక్టరీకి పునాది వేశారు. ఉద్యోగాలు, అపార్టుమెంట్లు అటు వెళ్లాయి. చార్షిలో స్థలం కోసం ఇళ్లు కూల్చే అవసరం రాలేదు. 1975లో ఇస్తాంబుల్ టెక్నికల్ యూనివర్సిటీతో కలిసి మున్సిపాలిటీ ఈ ఇళ్ల మీద వారోత్సవం జరిపింది, అప్పటి మేయర్ కిజిల్తాన్ ఉలుకవాక్. మరుసటి ఏడు రక్షిత ప్రాంతమైంది, 1994లో యునెస్కో జాబితాకెక్కింది. ఇళ్లు కూలిపోక ముందే మేలుకున్నారు, అదే అదృష్టం.

లోపం లేదని కాదు. చెప్పులు కుట్టేవాళ్ల పాత బజారు అరాస్తాలో ఇప్పుడు ఎక్కువగా సావనీర్లే. ఇనుప పనివాళ్ల వీధికి వెళ్లండి, సుత్తి మోత ఇంకా వినిపిస్తుంది. తలుపు గొళ్లెం 600 లీరాలకు కొన్నాం, బేరం ఆడాలనిపించలేదు. తిండికి పెరుహి అడగండి. చిన్న పిండి పొట్లాల్లో వడగట్టిన పెరుగు పెట్టి ఉడికించి, పైన వెన్న, అక్రోట్లు వేస్తారు. ప్లేటు 220. అమ్మ రెండోసారి తెప్పించుకున్న ఒకే ఒక్క టర్కీ వంటకం ఇదే.

అంకారా వైపు తిరిగొచ్చాక బెయ్‌పజారి కూడా చూశాం. ఇప్పటి అంకారా మేయర్ మాన్సూర్ యవాష్ 1999 నుంచి 2009 వరకు అక్కడ మేయర్‌గా ఉండి ఇళ్లు బాగుచేయించారు. ఒక పూటకి చాలు.

బుక్ చేసే ముందు ఇంటి లోపలి మెట్లు, పైకప్పు, స్నానాల గది ఫొటోలు పంపమనండి. వీధి వైపు ఫొటో ఒక్కటే పంపిస్తే వదిలెయ్యండి. రెండు రాత్రులే ఉంటే రెండూ చార్షిలోనే గడపండి. శని, ఆదివారాలు మాత్రం వద్దు, అంకారా టూరు బస్సులతో ఆ సందుల్లో నడవలేరు.