.22 రైఫిల్‌కి అందుబాటు ధరలో స్కోప్: ఏది మేలు?

టెక్సాస్‌లో మొదటి తుపాకిగా .22 రైఫిల్ (చిన్న తూటా పేల్చేది) కొనుక్కుంటున్న మనవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు. ఎక్కువమంది చేతిలో కనిపించేది రూగర్ 10/22. 1964 నుంచి వస్తున్న రైఫిల్, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, తూటా చవక. (హెచ్‌1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్నే ఉన్నాయి. ఆ సంగతి తేల్చుకున్నాకే దుకాణానికి వెళ్లండి.) కొన్న కొద్దిరోజులకే అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: రైఫిల్‌కే మూడు వందల డాలర్లు అయ్యాయి, దాని మీదకి యాభై డాలర్ల స్కోప్ (గురిపెట్టే దుర్భిణి) చాలా, లేక ఇంకో మూడు వందలు పెట్టాలా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. 2 నుంచి 7 రెట్లు పెద్దగా చూపించేది, 32 మి.మీ. లెన్సు ఉన్నది, పారలాక్స్ (అదేమిటో కిందే చెప్తాను) 50 గజాలకు కుదిర్చి ఉన్నది తీసుకోండి. నూట యాభై డాలర్లకు అటూ ఇటూగా వస్తుంది. ఈ మూడింటిలోనూ పారలాక్స్ గురించే కొనేవాళ్లు తక్కువ అడుగుతారు, తేడా మాత్రం అక్కడే ఎక్కువ.

రైఫిల్‌ని ఖాళీ చేసి, ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టండి. దాన్ని ముట్టుకోకుండా స్కోప్‌లోకి చూస్తూ తల కొద్దిగా పైకీ కిందకీ ఆడించండి. గురి గీతలు టార్గెట్ మీద అటూ ఇటూ జారుతుంటే అదే పారలాక్స్. రైఫిల్ ఉన్నచోటే ఉంది, మీ కన్ను కదిలినందుకే గురి మారింది. టార్గెట్ బొమ్మ, గీతలు స్కోప్ లోపల ఒకే తలం మీద పడకపోతే ఇలా అవుతుంది. ప్రతి స్కోప్‌లోనూ ఏదో ఒక దూరంలో ఈ జారుడు ఉండదు. పెద్ద రైఫిళ్ల కోసం చేసిన మామూలు స్కోపుల్లో ఆ దూరం సాధారణంగా 100 గజాలు, కొన్నిటిలో 150. రిమ్‌ఫైర్ (.22 లాంటి, అంచు మీద దెబ్బపడి పేలే చిన్న తూటాలు) కోసం చేసినవాటిలో 50 లేదా 60.

లెక్క వేసి చూద్దాం. 40 మి.మీ. లెన్సుతో 100 గజాలకు కుదిర్చిన స్కోప్‌లోంచి 25 గజాల దూరంలో గురిపెడితే, కన్ను పూర్తిగా అంచుకి జరిగినప్పుడు 15 మి.మీ. దాకా తప్పొచ్చు. 32 మి.మీ. లెన్సుతో 50 గజాలకు కుదిర్చినదానిలో అదే 8 మి.మీ. ఇక 50 గజాల దూరంలో మొదటిది 10 మి.మీ. తప్పొచ్చు, రెండోదానిలో ఆ తప్పే ఉండదు. డబ్బాలు కొట్టేవాళ్లకి ఇది లెక్కలోకి రాదు. ఉడుత తలకి గురిపెట్టేవాళ్లకి వస్తుంది. ఆ తలే చిన్నది. అందులో 15 మి.మీ. పక్కకి పోతే ఆ ప్రాణి అక్కడికక్కడ పోకుండా గాయంతో చెట్టెక్కుతుంది. వేటకి వెళ్లేవాళ్లు డబ్బు ఆదా చేసుకోకూడని చోటు ఇది.

ఇవి గరిష్ఠ అంకెలు, నిజమే. చెంప ప్రతిసారీ ఒకేచోట ఆనితే తప్పు బాగా తగ్గుతుంది. కానీ 10/22 మామూలు కర్ర బట్ (భుజానికీ చెంపకీ ఆనే భాగం) చూడండి, దాని పైఅంచు కిందకి ఉంటుంది. స్కోప్ లేకుండా బ్యారెల్ మీదుండే ఇనుప గురికి సరిపోయేలా చేసిన బట్ అది. దాని మీద పెద్ద లెన్సున్న స్కోప్ పెడితే ఎత్తు రింగులు (స్కోప్‌ని రైఫిల్‌కి బిగించేవి) కావాలి, ఎత్తు రింగులు పెడితే చెంప బట్ మీంచి లేచిపోతుంది, చెంపకి ఆధారం లేకపోతే కన్ను నడిమధ్యన నిలవదు. పారలాక్స్ తప్పు అక్కడే పెరుగుతుంది. 40, 50 మి.మీ. లెన్సులు దుకాణంలో ఎంత ఘనంగా కనిపించినా .22 మీదకి వద్దని నేను చెప్పేది అందుకే.

ఇప్పుడు స్కోపుల సంగతి. యాభై డాలర్ల చుట్టుపక్కల సిమన్స్ .22 మ్యాగ్ 3-9×32 (అంటే 3 నుంచి 9 రెట్లు, 32 మి.మీ. లెన్సు) లాంటివి ఏళ్ల తరబడి అమ్ముడవుతున్నాయి. రింగులు పెట్టెలోనే వస్తాయి, పారలాక్స్ కూడా 50 గజాలకే ఉంటుంది, కాబట్టి తీసిపారేయదగ్గవి కావు. పగటి వెలుగులో 5 రెట్ల దాకా బాగానే పనిచేస్తాయి. ఈ ధరలో తయారయ్యేవాటితో రెండు చిక్కులున్నాయి. 9 రెట్లకి తిప్పితే బొమ్మ మసకబారుతుంది, కన్ను కాస్త పక్కకి జరిగితే నల్లటి నీడ కమ్ముతుంది. రెండోది, గురి సర్దే మరని నాలుగు క్లిక్కులు తిప్పితే ఒక్కోసారి రెండు క్లిక్కులంతే కదలడం, మరి రెండు తూటాలు పేలాక మిగతాది కదలడం. అలాంటి స్కోప్‌ని ఒకసారి జీరో చేసి (గురిపెట్టినచోటే తూటా తగిలేలా సర్ది), మూతలు బిగించి, ఇక ముట్టుకోకుండా వదిలేయడమే మంచిది. పిల్లలకి నేర్పడానికి, ఇరవై ముప్పై గజాల్లో డబ్బాలు కొట్టడానికి ఇంతకంటే ఖర్చు అవసరం లేదు.

నా ఓటు పడేది వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2 రిమ్‌ఫైర్ 2-7×32కి. పారలాక్స్ 50 గజాలు, సాదా గీతలు, కన్ను దాదాపు నాలుగు అంగుళాల వెనక ఉన్నా చాలు. 7 రెట్లలో 50 గజాల అవతల తెల్ల కాగితం మీద .22 చిల్లు కనబడుతుంది, ప్రతిసారీ టార్గెట్ దాకా నడవక్కర్లేదు. రసీదు అడగని, చేతులు మారినా చెల్లే జీవితకాల వారంటీ ఉంది, వాడినది కొనుక్కున్నా ధైర్యంగా ఉండొచ్చు. ఒక్క జాగ్రత్త: ఇదే పేరుతో, ఇవే అంకెలతో 100 గజాలకు కుదిర్చిన మామూలు రకం కూడా అమ్ముతారు. పెట్టె మీద రిమ్‌ఫైర్ అన్న మాట ఉందో లేదో చూసి మరీ డబ్బు కట్టండి.

రెండు వందల యాభై, మూడు వందల డాలర్ల దగ్గర లూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ రిమ్‌ఫైర్ 2-7×33 ఉంది. పారలాక్స్ 60 గజాలు, బరువు 11 ఔన్సులు, తయారీ ఆరెగాన్ రాష్ట్రంలో. తెల్లవారుజామున, చీకటి పడేవేళ చెట్ల కింద చూస్తే దీని గాజు విలువ తెలుస్తుంది. అడవిలో రోజంతా భుజాన మోసేవాళ్లకి తక్కువ బరువు కూడా కలిసొస్తుంది. అయితే పట్టపగలు రేంజ్‌లో బెంచీ మీద కూర్చుని కొట్టేవాళ్లకి, పై ధరకి తగ్గట్టు గుంపు (తూటా చిల్లులు పడ్డ మేర) చిన్నదవదు. ఐదు వందల తూటాల చవక డబ్బాతో 50 గజాల్లో అంగుళం పైబడి చెదిరితే, ఆ చెదురుడు తూటాది, స్కోప్‌ది కాదు. ఆ నూట యాభై డాలర్ల తేడాని మంచి తూటాల మీద పెడితే ఫలితం వెంటనే కనబడుతుంది.

పారలాక్స్‌ని మనమే తిప్పి సరిచేసుకునే రకాలు వేరు. యూటీజీ బగ్ బస్టర్ 3-9×32 వంద డాలర్ల ప్రాంతంలో దొరుకుతుంది, ముందు లెన్సు చుట్టూ ఉన్న కాలర్ తిప్పితే 3 గజాల దగ్గర నుంచీ కుదురుతుంది. ఎన్‌ఆర్‌ఎల్22 అనే .22 రైఫిల్ పోటీల్లాగా 25 నుంచి 100 గజాల దాకా దూరాలు మారుస్తూ కొట్టాలనుకునేవాళ్లకి ఇదే దారి. కాలర్ మీద అచ్చేసిన అంకెల్ని నమ్మకుండా, తల ఆడించి చూసి తిప్పుకోవాలి. వేటలో మాత్రం ఉడుత మీ కాలర్ తిరిగేదాకా ఆగదు.

ఇండియాలో, ఊళ్లో ఉన్న తమ్ముడి ఎయిర్ రైఫిల్‌కి ఇలాంటిదొకటి సూట్‌కేసులో పట్టుకెళ్తే ఎలా ఉంటుందని అడుగుతుంటారు. వద్దు. రైఫిల్ స్కోప్ అమెరికా ఎగుమతి నియంత్రణల కిందకొస్తుంది. పైగా స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండువైపులా కుదుపుతుంది, దాన్ని తట్టుకునేలా చేయని స్కోప్ లోపల విరిగిపోతుంది.

ఎక్కువ రెట్లు ఉంటేనే గురి కుదురుతుందనే భ్రమ మనవాళ్లలో బాగా ఉంది. ఒలింపిక్స్ 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో టెలిస్కోప్‌కి అనుమతే లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ ఆ దూరంలో పోటీపడింది చిన్న రంధ్రంలోంచి చూసే, అద్దాలు పెద్దది చేయని చిల్లు గురితోనే. 7 రెట్లు మనకి పుష్కలం.

రెడ్ డాట్ (గీతల బదులు ఎర్ర చుక్క చూపించే గురి) గురించి రెండు మాటలు: పాతిక గజాల లోపు వేగంగా కొట్టడానికి బాగుంటుంది. కంట్లో ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకి చుక్క చుక్కలా కాక చిందినట్టు కనబడుతుంది, కొనేముందు ఒకసారి కన్ను పెట్టి చూడండి.

ఏ స్కోప్ కొన్నా రింగుల కోసం ముప్పై డాలర్లు పక్కన పెట్టుకోండి. 10/22తో వచ్చే పట్టీ (రింగులు బిగించే ఆధారం) వీవర్ అనే వెడల్పు రకం రింగుల్నీ, సన్నని గాడిలో పట్టే రింగుల్నీ రెండింటినీ పడుతుంది. సీజెడ్ 457, మార్లిన్ 60 లాంటి రైఫిళ్లకి సన్నని గాడిలో పట్టేవే కావాలి. లెన్సు బ్యారెల్‌కి తగలనంత ఎత్తు చాలు. ట్యూబ్ నలిగేలా బిగించకండి, రింగు మరలకి 15 నుంచి 18 అంగుళం-పౌండ్ల బిగింపు సరిపోతుంది.

జీరో మొదట 25 గజాల్లో మొదలుపెట్టండి. పావు ఎంఓఏ (కోణం కొలత; ఒక ఎంఓఏ 100 గజాల్లో ఇంచుమించు అంగుళం) క్లిక్కులైతే అక్కడ ఒక అంగుళం జరపడానికి 16 క్లిక్కులు, 50 గజాల్లో 8. జీరో ఖాయం చేయాల్సింది 50 గజాల్లోనే. అక్కడ కుదిరిన హై వెలాసిటీ (ఎక్కువ వేగం) తూటా 100 గజాలకి చేరేసరికి ఆరేడు అంగుళాలు దిగిపోతుంది. సెకనుకి 1,235 అడుగుల వేగం ఉన్న తూటా నుంచి 1,070 అడుగుల తూటాకి మారితే జీరో మళ్లీ చూసుకోవాలి. మంచి తూటా ఏదో మీ రైఫిలే తేలుస్తుంది: నాలుగైదు రకాలు ఒక్కో డబ్బా తెచ్చి, 50 గజాల్లో ఐదేసి చొప్పున కొట్టి, బిగువైన గుంపు వచ్చినదానికే స్కోప్‌ని జీరో చేయండి.