జాంగో ఎల్‌టీఎస్సా, ప్రతి కొత్త వెర్షనా?

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలకి జాంగోతో (వెబ్ సాఫ్ట్‌వేర్ రాయడానికి వాడే పైథాన్ ఫ్రేమ్‌వర్క్) బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి ఈ ప్రశ్న తప్పదు.

ఎల్‌టీఎస్ (లాంగ్ టర్మ్ సపోర్ట్, ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్): మూడేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2కి 2028 ఏప్రిల్ దాకా ఢోకా లేదు.
మామూలు వెర్షన్: దాదాపు 8 నెలలకొకటి. సపోర్ట్ సుమారు 16 నెలలే.

శ్రమ: ఎల్‌టీఎస్‌లో మార్పులన్నీ ఒకేసారి మీద పడతాయి. రెండోదాంట్లో కొంచెం కొంచెంగా, కానీ ఆగకుండా.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. జాంగో మారిస్తే దానిమీద ఆధారపడ్డ లైబ్రరీలూ మార్చాల్సి రావచ్చు. బిల్లులో 180, 240, 320 అనే జీడిపప్పు గ్రేడ్ల కాలమ్‌లు పక్కకి జరిగితే లారీ గేటు దగ్గరే ఆగిపోతుంది. అక్కడ నిలబడ్డ గుమస్తాకి కొత్త ఫీచర్‌తో పనేముంది?

ఒక్కరే చూసుకునే సాఫ్ట్‌వేర్‌కి ఎల్‌టీఎస్సే. టెస్టులు పక్కాగా రాసుకున్న టీమ్, ఇంకా పెరుగుతున్న ప్రాడక్ట్ అయితే కొత్త వెర్షన్లకి వెళ్లండి.