డాయిచ్‌లాండ్ టికెట్‌తో మ్యూనిక్ చుట్టుపక్కల కొండలూ సరస్సులూ: ఒక విద్యార్థి సమీక్ష

జర్మనీకి చదువుకోవడానికి వచ్చిన మన విద్యార్థుల్లో చాలామంది డాయిచ్‌లాండ్ టికెట్‌ను విశ్వవిద్యాలయానికీ పార్ట్‌టైమ్ పనికీ వెళ్లిరావడానికి పనికొచ్చే నెలవారీ పాస్‌గానే చూస్తారు. ఆ లెక్కన చూసినా గిట్టుబాటయ్యేదే గానీ, దాని అసలు విలువ శనివారం పొద్దున తెలుస్తుంది. మ్యూనిక్‌లో చదువుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా ఇదే టికెట్‌తో ఆల్ప్స్ అంచుల దాకా వెళ్లి రాత్రికి గదికి చేరుకునే అలవాటున్న వ్యక్తిగా, ప్రకృతి విహారానికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్న సంగతులకే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

2022 వేసవిలో జూన్ నుంచి ఆగస్టు వరకు నడిచిన తొమ్మిది యూరోల టికెట్‌కు జనం బ్రహ్మరథం పట్టిన తర్వాత, 2023 మే 1 నుంచి 49 యూరోల ధరతో డాయిచ్‌లాండ్ టికెట్ అమల్లోకి వచ్చింది. 2025 జనవరిలో అది 58 యూరోలకు, 2026 జనవరిలో 63 యూరోలకు పెరిగింది. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో చదువుకునేవారికి రాయితీ టికెట్ విడిగా ఉంది కాబట్టి, పూర్తి ధర కట్టే ముందు తమ విశ్వవిద్యాలయంలో ఆ విషయం కనుక్కోవడం మంచిది. దేశమంతటా సిటీ బస్సులు, ట్రాములు, ఊ-బాన్ (మెట్రో), ఎస్-బాన్ (శివారు రైళ్లు), ప్రాంతీయ రైళ్లు అన్నింటిలోనూ రెండో తరగతిలో ఇది చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ, ఈసీ వంటి దూరప్రాంత రైళ్లలో చెల్లదు. సైకిల్ వెంట తీసుకెళ్లాలంటే దానికి మామూలుగా వేరే టికెట్ కొనాలి. టికెట్ ఫోన్‌లోనో చిప్ కార్డు మీదనో ఉంటుంది, మరొకరికి ఇవ్వడానికి వీల్లేదు, తనిఖీకి వచ్చినవారు గుర్తింపు కార్డు కూడా అడుగుతారు.

ఈ టికెట్ చేతికి రాగానే ప్రాంతీయ రైళ్లు మారుకుంటూ మ్యూనిక్ నుంచి బెర్లిన్ దాకా పోవాలని కొందరికి ఉబలాటం పుడుతుంది. నా దృష్టిలో అది డబ్బు మిగిల్చి రోజంతా పోగొట్టుకోవడమే. గంట, గంటన్నర ప్రయాణంలో ఉన్న చోట్లకు వెళ్లినప్పుడే ఈ టికెట్ తన గుణం చూపిస్తుంది, ఎందుకంటే అప్పుడు రానుపోను ఛార్జీ అనే లెక్క మనసులోంచి పూర్తిగా తొలగిపోతుంది. స్టార్న్‌బెర్గ్ సరస్సు దగ్గర దిగేసరికి వాన పట్టుకుంటే తర్వాతి ఎస్-బాన్‌లో వెనక్కి వచ్చేయవచ్చు. దారిలో కనబడ్డ ఊరు నచ్చితే దిగిపోయి, రెండు గంటలు నడిచి, పక్క స్టేషన్లో మళ్లీ రైలెక్కవచ్చు. ఆ ఒక్క ప్రయాణానికని కొన్న టికెట్ డబ్బు వృథా అవుతుందన్న బెంగతో ఉరుములు వినబడుతున్నా కొండెక్కేవారిని చూశాను. ఆ బెంగ లేకుండా చేయడాన్ని ఈ టికెట్ చేసే ముఖ్యమైన సేవగా చెప్పుకోవాలి.

మొదటిసారి వెళ్లేవారికి నేను సూచించేది టేగర్న్‌జే సరస్సు, దాని ఒడ్డున అదే పేరున్న ఊరు. మ్యూనిక్ ప్రధాన స్టేషన్ నుంచి సుమారు గంట ప్రయాణం, రైలు దిగి పది నిమిషాలు నడిస్తే సరస్సు ఒడ్డు. అయితే ఈ దారిలో నడిచే రైలుకు ఒక విచిత్రమైన పద్ధతి ఉంది: మ్యూనిక్‌లో ఒకటిగా బయలుదేరిన రైలు హోల్జ్‌కిర్హెన్‌లో విడిపోయి, ఒక భాగం బైరిష్‌సెల్ వైపు వెళుతుంది, మిగిలినది షాఫ్ట్‌లాఖ్‌లో మళ్లీ విడిపోయి, ఒక ముక్క లెంగ్రీస్‌కు, మరో ముక్క టేగర్న్‌జేకు సాగుతుంది. కాబట్టి ప్లాట్‌ఫారం మీద రైలు నంబరు చూసి ఎక్కేస్తే చాలదు, ఏ పెట్టె తలుపు పక్కన ఏ ఊరి పేరు వెలుగుతున్నదో చదివి మరీ ఎక్కాలి. హోల్జ్‌కిర్హెన్‌లో రైలాగిన ఆ కొద్ది నిమిషాల్లో, జర్మన్ ప్రకటన అర్థమై కొందరు, పక్కవారి కంగారు చూసి మరికొందరు, సంచులు భుజాన వేసుకుని ప్లాట్‌ఫారం మీద ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి పరుగెత్తడం వేసవి ఆదివారాల్లో తరచూ కనబడే దృశ్యం. ఒకసారి నా ఎదుటి సీట్లో కూర్చున్న గుంటూరు కుటుంబం, పిల్లవాడి బండితో సహా, తలుపులు మూసుకోవడానికి క్షణం ముందు దిగగలిగింది. ఇంకొక మాట: ప్రధాన స్టేషన్లో 27 నుంచి 36 వరకు ఉన్న ప్లాట్‌ఫారాలు పెద్ద హాలుకు పక్కన, విడిగా ఉంటాయి. కొండల వైపు వెళ్లే రైళ్లు ఎక్కువగా అక్కడి నుంచే కదులుతాయి కాబట్టి ఊ-బాన్ దిగిన తర్వాత పది నిమిషాలు చేతిలో ఉంచుకోవాలి.

టేగర్న్‌జే స్టేషన్ నుంచే 1,264 మీటర్ల ఎత్తున్న నాయ్‌రాయిట్‌కు కాలిబాట మొదలవుతుంది. ఊరి ఇళ్ల మధ్య నిటారుగా లేచి, తర్వాత అడవిలోకి ప్రవేశించే ఆ దారి ఎక్కడానికి మామూలు నడకగాడికి గంటన్నర పడుతుంది. పైన సత్రం, దాని ముందు బల్లలు, కింద సరస్సంతా ఒక్క చూపులో కనబడే కొండ అంచు ఉన్నాయి. దారి పొడవునా పసుపు పలకల మీద గమ్యమూ పట్టే సమయమూ రాసి ఉంటాయి, పర్వతమార్గాలకు నీలం చుక్క సులువు, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం అని అర్థం. ఆ సమయాలను ఇక్కడివారి పిక్కల బలాన్ని బట్టి వేశారని నా అనుమానం. మైదాన ప్రాంతం నుంచి వచ్చిన మనవాళ్లు వాటికి మరో పావు వంతు కలుపుకోవాలి. నలుపు గుర్తున్న దారి జోలికి అలవాటు లేనివారు వెళ్లనే కూడదు.

ఇక గార్మిష్-పార్టెన్‌కిర్హెన్. మ్యూనిక్ నుంచి గంటా ఇరవై నిమిషాల ప్రయాణంలో సగం దూరం దాటిన తర్వాత కిటికీ అవతల పర్వతాలు దగ్గరకు జరుగుతూ వస్తాయి. 1936 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన స్కీ స్టేడియం దాకా ఊరి బస్సు వెళుతుంది. అక్కడి నుంచి సుమారు అరగంట నడిస్తే పార్ట్‌నాఖ్ అనే ఇరుకు లోయ ముఖద్వారం వస్తుంది. దాదాపు 700 మీటర్ల పొడవునా, 80 మీటర్లకు పైగా ఎత్తున్న రాతిగోడల మధ్య నుంచి కొండనీరు హోరెత్తుతూ పారుతుంది, ఆ గోడనే తొలిచి వేసిన బాట మీద మనం నడుస్తాం. ఒకప్పుడు ఎగువ అడవుల్లో నరికిన దుంగలను ఈ నీటిలోనే దిగువకు వదిలేవారట. 1912లో దీనిని సహజ స్మారకంగా ప్రకటించారు. బయట ఎండ కాస్తున్నా లోపల పైనుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, కొన్ని సొరంగాల్లో తల వంచి నడవాలి, చేతిపట్టు తీగ తడిగా చల్లగా తగులుతుంది, పక్కనున్నవారితో మాట్లాడాలంటే చెవి దగ్గరకు వంగాల్సిందే. ఫోన్‌ను నీరు దిగని సంచిలో పెట్టుకుని, జారని అడుగున్న బూట్లు వేసుకుని వెళ్లాలి. ప్రవేశ రుసుము మన టికెట్‌లో కలవదు. మంచు కరిగే కాలంలో రాళ్లు పడే ప్రమాదం వల్ల లోయను మూసివేసే రోజులుంటాయి కాబట్టి బయలుదేరే ముందే చూసుకోవాలి.

అదే ఊరి నుంచి బస్సులో ఐబ్‌జేకు వెళ్లవచ్చు. జర్మనీలో అన్నిటికంటే ఎత్తయిన, 2,962 మీటర్ల ట్సుగ్‌ష్పిట్సె పాదాల దగ్గర, పచ్చల రంగు నీటితో ఉండే ఈ సరస్సు చుట్టూ ఏడున్నర కిలోమీటర్ల బాట ఉంది. చుట్టి రావడానికి రెండు గంటలు చాలు. శిఖరం మీదికి వెళ్లే పళ్లచక్రాల రైలుకూ, తీగమార్గానికీ డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లదు. వాటి ధర విద్యార్థి జేబుకు కాస్త భారమే. నన్నడిగితే మబ్బు పట్టిన రోజున ఆ డబ్బు ఖర్చు చేయకుండా కిందనే సరస్సు చుట్టూ నడవడం మేలు. ఆగస్టు ఆదివారాల్లో ఈ బస్సులో నిలబడే చోటు కూడా దొరకదు. వారం మధ్యలో సెలవు దొరికితే అప్పుడే వెళ్లాలి.

తిండి సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే శాకాహారులకు కొండ సత్రాల్లో జున్ను, రొట్టె, తీపి పాన్‌కేకు ముక్కలు తప్ప పెద్దగా ఎంపిక ఉండదు. బవేరియాలో సంప్రదాయ బీర్ తోటల్లో, ఎవరికి వారు వడ్డించుకునే బల్లల దగ్గర, పానీయం అక్కడే కొనుక్కుంటే ఇంటి నుంచి తెచ్చుకున్న ఆహారం తినవచ్చు. 1812లో రాజు మాక్స్ జోసెఫ్ ఇచ్చిన ఉత్తర్వులో బీరు తయారీదారులు తమ తోటల్లో బీరు అమ్ముకోవచ్చు గానీ భోజనం పెట్టకూడదన్న షరతు ఉండటం వల్ల, జనం తమ తిండి తామే తెచ్చుకోవడం అలవాటయింది. ఆ పుణ్యాన చెట్ల నీడలో పులిహోర డబ్బా విప్పినా ఎవరూ అడ్డు చెప్పరు, నిమ్మరసం సోడా కొనుక్కుంటే మర్యాద నిలబడుతుంది. గుడ్డలు పరచి, మనిషి వచ్చి వడ్డించే బల్లల దగ్గర మాత్రం ఈ వెసులుబాటు లేదు, కొండ సత్రాల్లోనూ అడగకుండా డబ్బా తీయకూడదు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక నీళ్లూ పండ్లూ శనివారమే కొనిపెట్టుకోవాలి.

లోపాల విషయానికి వస్తే, ఈ టికెట్‌కు అసలు హద్దు గీసేది రైలు కాదు, కొండ ఊరి చివరి బస్సు. రైళ్లు గంటకొకటైనా ఉంటాయి; స్టేషన్ నుంచి లోపలి సరస్సుకు వెళ్లే బస్సు మాత్రం సాయంత్రం త్వరగానే ఆగిపోతుంది. ఒక మారుమూల ఊళ్లో చివరి బస్సు రానే రాక, చీకటి పడుతుండగా రోడ్డు పక్కన గంటకు పైగా నడిచి స్టేషన్ చేరాల్సి వచ్చింది. ఆ బస్సు సంస్థకు రాసిన ఫిర్యాదుకు సమాధానం కూడా రాలేదు. అప్పటి నుంచి చివరి బస్సుకు ముందు బస్సునే నా చివరి బస్సుగా లెక్కపెట్టుకుంటున్నాను. వారాంతాల్లో పట్టాల మరమ్మతుల వల్ల రైళ్లు రద్దయి, వాటి స్థానంలో ఎస్‌ఈవీ అనే బస్సులు నడవడం మరో తలనొప్పి. టికెట్ వాటిలో చెల్లుతుంది గానీ సమయం దాదాపు రెట్టింపవుతుంది. ఆలస్యానికి పరిహారం అంటారా, గంటకు పైగా ఆలస్యమైతే 1.50 యూరోలు ఇస్తారు, అదీ మొత్తం నాలుగు యూరోలు దాటితే గాని చేతికి రాదు. అంటే మూడుసార్లు గంటేసి సేపు ఇబ్బందిపడితే ఒక కాఫీ డబ్బులు వస్తాయి! ప్రాంతీయ రైలు ఆలస్యమైందని ఈ టికెట్‌తో ఐసీఈ ఎక్కే హక్కు కూడా లేదు.

దూరం కారణంగా నేను ఒక్కరోజులో ముగించమని చెప్పలేని చోటు కోనిగ్‌జే అనే సరస్సు. ఫ్రైలాసింగ్‌లో రైలు మారి, బెర్ష్టెస్‌గాడెన్‌లో బస్సెక్కి వెళ్లేసరికి మూడు గంటలవుతుంది. 1909 నుంచి అక్కడ విద్యుత్ పడవలే నడుస్తున్నందున నీటి మీద మోటారు రొద ఉండదు. కొండగోడ దగ్గర పడవ ఆపి, బూర ఊది, ప్రతిధ్వని వినిపిస్తారు. 1978లో ఏర్పడిన జాతీయ వనంలో ఉన్న ఆ సరస్సుకు ఒక పూట సరిపోదు, పడవ టికెట్ కూడా తక్కువేమీ కాదు. రాత్రి బస చేయగలిగినప్పుడే వెళ్లాలి. దానికి బదులుగా ఆస్ట్రియా సరిహద్దు దాటి కుఫ్‌స్టైన్ దాకా ప్రాంతీయ రైల్లో ఇదే టికెట్ చెల్లుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. 2008లో సొరంగం తెరిచేదాకా మోటారు బండి పోయే దారే లేని కైజర్‌టాల్ లోయకు ఆ ఊరి నుంచి మెట్లెక్కి నడవవచ్చు. సరిహద్దు తనిఖీలు జరుగుతుంటాయి కనుక పాస్‌పోర్టూ నివాస అనుమతి కార్డూ వెంట ఉండాలి.

ఇతర నగరాల్లో ఉన్నవారికి కూడా ఈ టికెట్ ఇలాగే పనికొస్తుంది. డ్రెస్డెన్ నుంచి ఎస్-1 బండిలో రాతెన్‌కు వెళితే ఎల్బే నదికి 194 మీటర్ల ఎత్తున, ఇసుకరాతి స్తంభాల మధ్య 1851లో కట్టిన బాస్టై వంతెన చూడవచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఊ-3 చివరి స్టేషన్ హోయెమార్క్ నుంచి టౌనుస్ అడవులు మొదలవుతాయి. బెర్లిన్‌లో వాన్‌జే నుంచి క్లాడోకు నడిచే ఎఫ్-10 పడవ నగర రవాణాలో భాగం కనుక అదనంగా ఏమీ కట్టనక్కర్లేదు.

వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వారికి కూడా ఇదే కొనాలా అని జూనియర్లు అడుగుతుంటారు. వారం పది రోజులకు వచ్చినవారికి నెలవారీ చందా తగదు, మామూలుగా పదో తేదీలోపు రద్దు చేయకపోతే మరుసటి నెల డబ్బు కూడా ఖాతాలోంచి పోతుంది. బవేరియా అంతటా ఐదుగురి దాకా కలిసి ఒక రోజు తిరగగల బయర్న్ టికెట్ వారికి నయం. మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది నుంచి, శని ఆదివారాల్లో అర్ధరాత్రి దాటినప్పటి నుంచి, మరుసటి రోజు తెల్లవారుజాము మూడు గంటల వరకు చెల్లుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని పార్ట్‌నాఖ్‌కు కాకుండా ప్రీన్‌కు తీసుకెళ్లి, కీమ్‌జే సరస్సు మీద పడవలో ద్వీపాలు తిప్పి చూపించాలి. ప్రీన్ స్టేషన్ నుంచి రేవు దాకా 1887 నాటి చిన్న రైలు నడిచే రోజుల్లో దానికీ, పడవకూ టికెట్లు విడిగా కొనుక్కోవాలి.