సాగర్ బోట్ల వైరింగుకు పసుపు మీటరు: ఏ ఫాల్టు పట్టుకుంటుంది, ఏది పట్టదు

ఎలక్ట్రికల్ షాపుల్లో రెండు మూడు వందలకు దొరికే పసుపు రంగు డీటీ-830డీ మల్టీమీటరు గురించి ఇది. నాగార్జునసాగర్‌లో, సోమశిల రేవులో తిరిగే ఇంజన్ బోట్ల 12 వోల్టుల వైరింగులో ఫాల్టు వెతకడానికి ఈ మీటరు సరిపోతుంది. కొలిచే పద్ధతి తప్పితే మాత్రం మంచి పంపును మార్పించి, చెడ్డ వైరును అలాగే వదిలేస్తుంది.

బోటు అడుగున చేరిన నీళ్లు తోడే పంపు నీరసంగా తిరుగుతోందనుకోండి. చాలామంది పంపు వైరు ఊడదీసి, కొనల మీద ప్రోబులు పెట్టి, 12.6 చూసి "కరెంటు వస్తోంది, పంపే పోయింది" అంటారు. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. వైరులో ఒక్క పోగు మిగిలినా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. అందుకే పంపు తిరుగుతుండగానే కొలవాలి. నాబ్ డీసీ 20 మీద పెట్టి, ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ సీసపు కొమ్ముకే ఆనించండి, దానికి బిగించిన క్లాంపుకు కాదు. రెండోది పంపు ప్లస్ దగ్గర పెట్టండి. కనిపించే అంకె ఆ దారిలో పోతున్న వోల్టేజీ. మైనస్ వైపూ ఇలాగే చూడాలి, ఎక్కువమంది వదిలేసేది ఇదే. రెండూ కలిపి 0.4 లోపు ఉంటే బాగున్నట్టు. 1 దాటితే రెండో ప్రోబును బ్యాటరీ వైపు నుంచి క్లాంపు, ఫ్యూజుకు ఇటూ అటూ, స్విచ్‌కు ఇటూ అటూ, జాయింటు అంటూ జరుపుతూ వెళ్లండి. అంకె ఎక్కడ ఒక్కసారిగా పెరిగితే దానికి ముందు ముక్కలోనే ఫాల్టు.

ఏ జాయింటూ చెడకపోయినా వైరే సన్నమై ఉండొచ్చు. పంపు 5 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు పోయి రావడానికి 10 మీటర్ల వైరు. 5 ఆంపియర్లు లాగే పంపుకు 1 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే దాదాపు 1 వోల్టు దారిలోనే పోతుంది, 2.5 వేస్తే 0.4.

కృష్ణ నీళ్లు ఉప్పువి కావు కదా అన్న ధీమా వద్దు. మెలితిప్పి నల్లటేపు చుట్టిన జాయింటు విప్పి చూడండి: టేపు జిగురు కింద తడి, రాగి మీద పచ్చని చిలుము, ఇంకా లోపలికి గీస్తే నల్లబడ్డ పోగులు. ఎర్రటి రాగి కనిపించేదాకా కత్తిరించి, లగ్గు (వైరు కొనకు తొడిగే లోహపు ముక్క) గట్టిగా నొక్కి క్రింప్ చేసి, వేడికి బిగిసే, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం వేయాలి. జానెడు కత్తిరించినా నలుపే వస్తుంటే ఆ వైరు మొత్తం మార్చేయడమే.

ఎండాకాలంలో సాగర్ మట్టం నిండు 590 అడుగుల నుంచి బాగా దిగి, బోట్లు ఒడ్డున పడి ఉన్నప్పుడు బ్యాటరీలు ఖాళీ అవుతాయి. అన్నీ ఆఫ్ చేసి, మైనస్ క్లాంపు ఊడదీసి, కొమ్ముకీ క్లాంపుకీ మధ్య మీటరును 10 ఆంపియర్ల రేంజిలో సిరీస్‌గా పెట్టండి. పెట్రోల్ వాసన ఉంటే ముందు గాలి ఆడనివ్వండి, నిప్పురవ్వ వస్తుంది. అర ఆంపియర్ చూపిస్తే 60 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీ లెక్కకు 5 రోజుల్లో ఖాళీ. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి, ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ లైనే దొంగ.

ఈ మీటరులో పెద్ద లోపం ఇక్కడే ఉంది. 10 ఆంపియర్ల సాకెట్‌కు లోపల ఫ్యూజు లేదు. ఎర్ర ప్రోబు అందులోనే మరిచి బ్యాటరీ వోల్టేజీ చూడబోతే నేరుగా షార్టే, తీగలు కాలిపోతాయి. మీటరును అలా సిరీస్‌గా ఉంచి ఇంజన్ స్టార్టర్ కొట్టినా అదే గతి. స్టార్టర్ కరెంటుకు, వైరు చుట్టూ పట్టి డీసీ కొలిచే క్లాంపు మీటరు కావాలి. చవక క్లాంపు మీటర్లలో చాలావాటికి ఏసీ మాత్రమే వస్తుంది, అడిగి తీసుకోండి. ఇంకో ప్రమాదం, లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే అంకెలు ఎక్కువ చూపిస్తుంది. పడిపోయిన బోటు బ్యాటరీ కూడా బాగున్నట్టే అనిపిస్తుంది. స్క్రీన్ మీద బ్యాటరీ గుర్తు వచ్చిందంటే ఆ కొలతలు నమ్మొద్దు.

దీనికి తోడుగా 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి పెట్టుకోవాలి. అది 1.75 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి, మీటరు 12.6 చూపించిన చెడ్డ వైరు మీద మసకగా వెలిగి అసలు సంగతి చెబుతుంది.

కొనేటప్పుడు 830బీ ఇస్తే వద్దనండి, దానికి వైరు తెగలేదని మోగి చెప్పే బజర్ ఉండదు. షాపులోనే 200 ఓమ్‌ల రేంజిలో ప్రోబులు కలిపి, తీగల మెడ దగ్గర ఊపి చూడండి. అంకె 1 ఓమ్ దాటినా, ఎగిరినా ఇంకో జత ప్రోబులు అడగండి.