సింధుకీర్తి రిఫిట్: రష్యా భాగస్వామ్యంతో విశాఖలో అందిన సేవపై ఒక సమీక్ష

విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో 2006లో రిఫిట్ (నౌకను విప్పి, మరమ్మతు చేసి, కొత్త పరికరాలు అమర్చే పని) మొదలైన ఐఎన్ఎస్ సింధుకీర్తి జలాంతర్గామి 2015లో గాని తిరిగి నౌకాదళం చేతికి రాలేదు. సుమారు మూడేళ్లలో ముగియవలసిన పనికి తొమ్మిదేళ్లు పట్టింది. గడువునే ప్రమాణంగా తీసుకుంటే ఈ సేవకు పాస్ మార్కులు కూడా రావు. అయినా యుద్ధనౌక ఆధునికీకరణలో నౌకాదళం డబ్బు చెల్లించేది ప్రధానంగా ఆ తర్వాత ఏళ్ల తరబడి అందవలసిన సాంకేతిక అండ కోసమే కాబట్టి, ఈ రిఫిట్‌ను 2015 దగ్గరే ఆపి అంచనా వేయడం సరికాదని నా అభిప్రాయం.

సింధుకీర్తి 1990లో మన నౌకాదళంలో చేరిన కిలో తరగతి జలాంతర్గామి. నీట మునిగినప్పుడు దాదాపు మూడు వేల టన్నుల బరువుండే ఈ తరగతిని రూపొందించినది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రూబిన్ డిజైన్ సంస్థ. వీటిలో చాలావాటిని ఆధునికీకరణ కోసం రష్యాలో తెల్ల సముద్ర తీరంలోని సెవెరోద్విన్స్క్‌కు పంపేవారు. అక్కడి జ్వెజ్దోచ్కా యార్డు ఈ పనిలో ఆరితేరినది. 2010 ఆగస్టులో అక్కడికి చేరిన ఇదే తరగతి జలాంతర్గామి సింధురక్షక్‌ను 2013 జనవరిలో అప్పగించారు, అంటే రెండున్నరేళ్ల లోపే. సింధుకీర్తి విషయంలో మాత్రం రష్యన్ నిపుణుల సహకారంతో పనంతా విశాఖలోనే చేయించాలని నిర్ణయించారు. కిలో తరగతితో హిందుస్థాన్ షిప్‌యార్డుకు అదే తొలి అనుభవం. అప్పటికి ఆ యార్డు నౌకాయాన శాఖ కింద ఉంది. రక్షణ శాఖ పరిధిలోకి మారినది 2010లో, అంటే పని సగంలో ఉండగా.

ఆలస్యానికి యార్డును మాత్రమే నిందించడం తేలిక గాని న్యాయం కాదు. సింధుకీర్తికి చేసినది మీడియం రిఫిట్. అంటే పైపై మరమ్మతు కాదు. నీటి ఒత్తిడిని తట్టుకునే లోపలి హల్‌ను, అంటే జలాంతర్గామి లోహపు దేహాన్ని, అంగుళం అంగుళం పరీక్షించాలి, తుప్పు తిన్న రేకులను కోసి కొత్తవి వెల్డింగు చేయాలి, పైపులు, కేబుళ్లు, బ్యాటరీలు బయటికి తీసి మార్చాలి, ఆ తర్వాతే శబ్దం ఆధారంగా నీటిలోని లక్ష్యాలను పసిగట్టే కొత్త సోనార్, టార్పెడో గొట్టాల నుంచి ప్రయోగించే క్లబ్ క్షిపణుల వ్యవస్థ వంటివి అమర్చాలి. పాత ఇంటి గోడ పగలగొట్టాక గాని లోపలి చెద కనపడనట్టు, విప్పిన తర్వాత బయటపడే పని ముందు రాసుకున్న జాబితాను ఎప్పుడూ మించిపోతుంది. అలా మించిన ప్రతి సందర్భంలోనూ డిజైనరు ఆమోదం, విదేశీ విడిభాగం, నిపుణుడి రాక అనే మూడింటి కోసం ఎదురుచూడవలసి వస్తే నెలలు కరిగిపోవడం సహజమే. ఆధునికీకరణ గురించి శ్రద్ధగా చర్చించేవారు సైతం ఈ ఎదురుచూపుల ఖర్చును లెక్కలోకి తీసుకోరు. ఆ తొమ్మిదేళ్లూ నౌకాదళానికి ఒక జలాంతర్గామి తక్కువైందన్నది మాత్రం ఏ వివరణతోనూ తీరే నష్టం కాదు.

ఆ నష్టానికి బదులుగా దక్కినదేమిటో తర్వాతి సంవత్సరాల్లో కనిపించింది. ఇదే తరగతికి చెందిన సింధువీర్‌ను హిందుస్థాన్ షిప్‌యార్డే రిఫిట్ చేయగా, 2020లో మన దేశం దానిని మయన్మార్‌కు అందజేసింది. 2023 జూన్‌లో సింధుకీర్తికే నార్మల్ రిఫిట్ అనే మరో విడత రిఫిట్ చేసే బాధ్యతను రూ.934 కోట్లకు రక్షణ శాఖ మళ్లీ ఇదే యార్డుకు అప్పగించింది. ఈ పనిలో ఇరవైకి పైగా చిన్న, మధ్యతరహా పరిశ్రమలు పాలుపంచుకుంటాయని ప్రభుత్వం ప్రకటించింది. పాత చేదు అనుభవం తెలిసిన కొనుగోలుదారు అదే దుకాణానికి తిరిగి రావడం కంటే బలమైన సిఫారసు ఈ రంగంలో దొరకదు, పోటీగా నిలిచే యార్డులు తక్కువేనన్న మాట నిజమే అయినా.

విడిభాగాల విషయంలో నా సంతృప్తి అంతంత మాత్రమే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా నుంచి తెప్పించుకునే వస్తువులకూ, చెల్లింపులకూ చిక్కులు పెరిగాయి. మన యుద్ధనౌకలు కొన్నింటిని నడిపే గ్యాస్ టర్బైన్ ఇంజిన్లు ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌లో తయారైనవి. 2024 డిసెంబరులో రష్యాలోని కాలినిన్‌గ్రాడ్‌లో మనకు అప్పగించిన యుద్ధనౌక ఐఎన్ఎస్ తుషిల్‌ను కట్టినది రష్యా, దాని ఇంజిన్లు ఉక్రెయిన్‌వి. పోరాడుకుంటున్న రెండు దేశాల సరుకుతోనూ నడిచే నౌకకు ముప్ఫై ఏళ్ల సాంకేతిక మద్దతు హామీ ఎవరు ఇవ్వగలరు?

విమానవాహక నౌక విక్రమాదిత్య అనుభవాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. దానిని రష్యాలో ఆధునికీకరించి తెచ్చుకునేందుకు 2004లో 97.4 కోట్ల డాలర్లకు కుదిరిన ఒప్పందం 2010 నాటికి 235 కోట్ల డాలర్లకు చేరింది. ఆస్‌బెస్టాస్ వాడకూడదని మనం పెట్టిన షరతు మేరకు వేరే ఇటుకలతో కట్టిన బాయిలర్ల లోపలి పొర 2012 పరీక్షల్లో విఫలమై, ఎనిమిది బాయిలర్లలో ఏడు దెబ్బతినగా, నౌక 2013 నవంబరులో గాని నౌకాదళంలో చేరలేదు. అక్కడ రష్యన్ యార్డు సొంత గడ్డ మీద చేసిన పనికీ ఆలస్యం తప్పలేదు. అయితే ఆ నౌక నిర్వహణ ఇప్పుడు కొచ్చిన్ షిప్‌యార్డులో సాగుతోంది. 2024 నవంబరులో రూ.1,207.5 కోట్లకు కుదిరిన రిఫిట్ ఒప్పందం కూడా ఆ యార్డుతోనే.

కాబట్టి సింధుకీర్తి సేవకు గడువులో సున్నా, నేర్చుకున్న పనితనంలో మంచి మార్కులు, సరఫరా భరోసాలో సగం మార్కులు వేస్తాను. ఈసారి రిఫిట్‌లో నేను గమనించబోయేది ఒక్కటే: హల్ విప్పాక అదనంగా తేలిన పనికి అనుమతి ఇచ్చే అధికారం విశాఖలో కూర్చున్న ఇంజినీరుకు ఎంతవరకు ఉందన్నది. ఇప్పటికీ ప్రతి మార్పు కాగితం సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లి రావలసిందే అయితే, ఆ రూ.934 కోట్లలో చెప్పుకోదగిన భాగం మళ్లీ ఎదురుచూపులకే పోతుంది.