డిప్రెషన్‌లో నడకా, జిమ్మా, యోగానా: ఏది మేలు?

"కాస్త వ్యాయామం చెయ్యి, అదే సర్దుకుంటుంది" అని చెప్పడం తేలికే, కానీ డిప్రెషన్ ముందుగా లాక్కునేదే ఒంట్లో ఓపికనీ, ఏదైనా చెయ్యాలన్న ఆసక్తినీ. ఒకరోజు ఎడమ కాలికి బూటు వేసుకుని, లేసు కట్టుకుని, కుడి బూటు చేతిలో పట్టుకుని మంచం అంచున అరగంట అలాగే ఉండిపోయాను. అది బద్ధకం కాదు. అందుకే ఏది ఎక్కువ పనిచేస్తుందని కాకుండా, బాగా పాడు రోజున కూడా ఏది చేయగలమని చూస్తాను నేను.

పనిచెయ్యడం వరకూ అయితే మూడూ పనిచేస్తాయి. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 218 ట్రయల్స్‌ని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. నడక లేదా జాగింగ్, యోగా, బరువులెత్తడం, అన్నిటికీ చెప్పుకోదగ్గ ఫలితమే కనబడింది, శ్రమ పెరిగేకొద్దీ ఫలితం కూడా పెరిగింది. మధ్యలో మానేసేవాళ్లు తక్కువగా ఉన్నది మాత్రం యోగాలో, బరువుల్లో. నడక పిచ్చోణ్ణి కాబట్టి ఇది నాకు కొంచెం మింగుడుపడలేదు.

ఆలోచిస్తే కారణం తడుతుంది. బరువులెత్తేటప్పుడు ఎన్నోసారి ఎత్తామో లెక్కపెట్టుకోవాలి, యోగాలో ఊపిరి మీద ధ్యాస ఉండాలి, బుర్రకి వేరే పని ఉంటుంది. నడకలో కాళ్లు వాటి దారిన అవి పోతుంటే మనసు పాత గొడవలన్నీ నెమరేసుకుంటుంది. దీనికి నాకు దొరికిన మందు, పక్కన ఒక మనిషి. మాట్లాడకపోయినా ఫర్వాలేదు, "కింద ఉన్నాను, దిగు" అని ఫోన్ చేస్తే చాలు. జిమ్‌లో ఇబ్బంది ఇంకో రకం: బ్యాగు సర్దుకోవాలి, జనం మధ్యలోకి వెళ్లాలి, నాలుగు రోజులు మానేస్తే మళ్లీ మొహం చూపించడానికి సిగ్గు. నడకకి అవేం లేవు. బూటు కథ జరిగిన రోజున నేను నడిచింది ఏడు నిమిషాలు, అదీ లెక్కే.

వ్యాయామమా, నిద్రా అంటే నేను ముందు నిద్రనే సరిచేసుకోమంటాను. నిద్ర పట్టే టైమ్ మన చేతిలో ఉండదు, లేచే టైమ్ ఎంతో కొంత ఉంటుంది. రాత్రి ఎలా గడిచినా రోజూ ఒకే వేళకి లేచి, వెంటనే వెలుతురులోకి వెళ్తే శరీరంలోని గడియారం మెల్లగా దారికొస్తుంది. పొద్దున నడకతో ఒక దెబ్బకి రెండు పిట్టలు. మద్యం తాగితే నిద్ర పడుతుందనుకుంటారు, పడుతుంది కూడా, తెల్లవారుజామున తెలివొచ్చి మర్నాడంతా ఇంకా దిగులుగా ఉంటుంది.

ఇక మాత్రలా, వ్యాయామమా? 1999లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీవాళ్లు 50 దాటిన 156 మందితో 16 వారాలు చేసిన ట్రయల్‌లో వ్యాయామం చేసినవాళ్లూ, సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్ర వాడినవాళ్లూ చివరికి దాదాపు ఒకేలా కోలుకున్నారు. మాత్రలు వద్దనేవాళ్లు ఇదే చూపిస్తారు. అయితే అక్కడ వ్యాయామం వారానికి మూడుసార్లు, గుంపుగా, దగ్గరుండి చేయించారు, పైగా మొదట్లో త్వరగా తేరుకున్నది మాత్రలవాళ్లే. కాబట్టి నడక మొదలైంది కదా అని మాత్రలు మీ అంతట మీరే ఆపెయ్యకండి, హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం లాంటివి పట్టుకుంటాయి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఈ పోలికలన్నీ పక్కన పెట్టి, ఆ రోజే దగ్గరివాళ్లకి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఒక్కళ్లే వెళ్లకుండా వాళ్లని వెంట తీసుకెళ్లండి.